అంగడి, గుమాస్తా, ఖాతా పుస్తకము: కంప్యూటరు అమ్మకములలోని చిక్కులు



మన సంఘములలో కొన్ని ఇప్పుడు ఫోను ద్వారా బట్టలు అమ్ముటకు కంప్యూటరు ఏర్పాట్లు చేయుచున్నవి. బరంపురములో మా సంఘము కూడ చేసినది. ఈ పని చేసిపెట్టువారు వచ్చి, “వేలమంది ఒక్కసారి కొన్నను ఆగదు” అని చెప్పుదురు. ఆ మాటలో నిజమెంతయో తెలియక సొమ్ము పోసినచో నష్టము చివరకు మన మజూరీ మీదనే పడును. అందుచేత నేను పడిన పాట్ల వలన తెలిసికొన్నది వ్రాయుచున్నాను. మెట్రిక్యులేషను చదువుతో నాకు బోధపడినది మీకు బోధపడకపోదు.

ముందు భయము వదలవలెను. జకార్డు అట్టలు మనకు క్రొత్తవి కావు. అట్టలోని రంధ్రమును బట్టి పోగు లేచును, లేదా నిలుచును. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జకార్డు ఈ పద్ధతిని మగ్గమునకు అమర్చెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ రంధ్రముల కార్డులనే వాడెను. తరువాత కంప్యూటర్లు కూడ చాలకాలము అటువంటి కార్డుల మీదనే లెక్కలు తీసికొన్నవి. కాబట్టి ఆ విద్య మన మగ్గమునకు పరాయిది కాదు.

ఇట్టి ఏర్పాటులో మూడు అంతస్తులుండును. కొనువాని ఫోనులో కనిపించు చీరల బొమ్మలు, ధరలు మన అంగడి బల్ల వంటివి. దాని వెనుక గుమాస్తా ఉండును. రిబేటు లెక్క కట్టుట, సొమ్ము అందినదా అని చూచుట అతని పని. లోపలి గదిలో ఖాతా పుస్తకము. దానినే డేటాబేసు అందురు. వరుసలు, గడులుగా ఖాతాలుంచి వానిని ఒకదానితో ఒకటి జతపరచు పద్ధతిని 1970లో కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కొద్దిమంది పనిచేయుచోట బల్ల దగ్గరివాడే నేరుగా ఖాతాలో వ్రాయవచ్చును. వేలమంది వచ్చినప్పుడు అందరి చేతులు ఒకే పుస్తకము మీద పడకుండ నడుమ గుమాస్తాలను పెట్టవలెను. మంచిదే. కాని అంతస్తులు పెరిగినకొద్దీ మాట తప్పిపోవు చోట్లు కూడ పెరుగును.

మొదటి చిక్కు, ఒక చీరకు ఇద్దరు కొనువారు. నిరుడు దీపావళికి పదిరోజుల ముందు మాకు జరిగినదే చెప్పెదను. ఆ రకము పట్టుచీర ఒక్కటే ఉన్నది. ఇద్దరు ఒకే క్షణమున అడిగిరి. ఒక గుమాస్తా ఖాతా చూచి ‘ఉన్నది’ అనెను. రెండవవాడును చూచి ‘ఉన్నది’ అనెను. ఇద్దరును అమ్మిరి! మిల్లు బట్టయైనచో ఇంకొకటి పంపవచ్చును. చేమగ్గపు చీర మరల నేయుటకు ఎన్నిరోజులు పట్టునో మీకు చెప్పనక్కరలేదు. ఒకరికి సొమ్ము తిరిగి యిచ్చి క్షమాపణ చెప్పితిమి. అంతతో తీరలేదు. నేసిన సభ్యుని పేర మజూరీ రెండుసార్లు జమపడినది. పండుగ ముందురోజున వారి యింటికి పోయి ఆ సొమ్ము వెనుకకు ఇమ్మని నేనే అడుగవలసి వచ్చెను. ఆయన మారుమాటాడక ఇచ్చెను. నాకు మాత్రము తల ఎత్తబుద్ధి కాలేదు.

దీనికి మందున్నది. చూచుట, అమ్ముట అను రెండును విడదీయరాని ఒకే పనిగా జరుగవలెను. ఒకడు ఆ గడి మీద చేయి వేసియున్నంతసేపు రెండవవాడు ఆగవలెను. నడుమ కరెంటు పోయినచో ఏమియు వ్రాయనట్లే ఉండవలెను. సగము వ్రాత నిలువరాదు.

రెండవ చిక్కు ఈ మందులోనుండియే పుట్టును. కండెలు చుట్టువారు నలుగురైనను మగ్గము మీద నాడె విసరువాడు ఒక్కడే గదా! అట్లే గుమాస్తాలను పదింతలు చేసినను గడి ఒక్కటే. ఒక వ్రాతకు సెకనులో 20వ వంతు పట్టుననుకొందము. అప్పుడు సెకనుకు 20 వ్రాతలే సాగును. 2000 మంది ఒకే గడి కొరకు వచ్చినచో చివరివానికి 100 సెకనులు పట్టును. అంతసేపు ఎవరు ఓర్తురు? మరల మరల మీట నొక్కుదురు; వరుస ఇంకను పెరుగును. పనిలో పదవ వంతు ఒక్క చేతి మీదనే సాగవలసినదైనచో, ఎన్ని చేతులు కలిపినను వేగము పదిరెట్లకు మించదు. 1967లో ఆమ్‌డాల్ చెప్పిన సూత్రమిదే.

మూడవది నకళ్ల చిక్కు. ఖాతాకు నాలుగు నకళ్లు తీసి నాలుగుచోట్ల పెట్టినచో చదువువారికి సుళువగును. కాని అసలులో వ్రాసినది నకలుకు చేరుటకు కొంత ఆలస్యమున్నది. డిజైను, రంగు, కొలత నకలులో చూపవచ్చును. ‘ఇంకను చీర ఉన్నదా’ అను ప్రశ్నకు అమ్మువేళ అసలునే అడుగవలెను.

నాలుగవది ఖాతాను పంచుట. రైల్వేవారు బెర్తుల ఖాతాను ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులలో ఐదు భాగములుగా ఉంచి, 1999 నాటికి వానిని కలిపి, ఏ ఊరి కౌంటరునుండియైనను ఇతర కేంద్రముల బండ్లకు టిక్కెట్టు దొరకునట్లు చేసిరి. ఒక పని ఒకే భాగములో ముగిసినచో సుఖమే. నూలు ఖాతా ఒకచోట, మజూరీ ఖాతా ఇంకొకచోట ఉన్నచో రెండును కలిసి మారవలెను. ముందు ఇద్దరినీ ‘సిద్ధమా’ అని అడిగి, ఇద్దరును ఔనన్న పిమ్మటనే ‘వ్రాయుడు’ అనవలెను. అడుగువాడే నడుమ మూగబోయినచో సిద్ధమన్నవారు గడి పట్టుకొని కూర్చుందురు. తక్కినవారి పని నిలుచును.

ఐదవది, సొమ్ము చేరియు జవాబు చేరకపోవుట. కొనువాడు మరల నొక్కును. రెండుసార్లు కోత పడును. ప్రతి ఆర్డరుకు మొదటనే ఒక నంబరు వేసి, అదే నంబరు మరల వచ్చినప్పుడు పాత రసీదునే చూపవలెను.

కాబట్టి కాంట్రాక్టు మంజూరు చేయుటకు ముందు సంఘము వారు ఈ ప్రశ్నలు అడుగుడు: ఒక్క చీరను వందమంది ఒక్కసారి అడిగినచో మా ఎదుటనే చేసి చూపుదురా? నడుమ యంత్రము ఆపినచో లెక్క సరిగా నిలుచునా? నూలు, మజూరీ ఒకే ఖాతాలో ఉంచవచ్చునా? మన సంఘమంత వానికి ఒక్క మంచి ఖాతా, ప్రతిరాత్రి దాని నకలు చాలును; పెద్ద కంపెనీల అంతస్తులు మనకు అక్కరలేదు.

మా సంఘములో ఇప్పుడు చీర పంపిన తరువాతనే మజూరీ జమ వేయుచున్నాము. వ్రాత పుస్తకము కూడ మానలేదు. ప్రతి శనివారము రెండును సరిచూచుచున్నాము. సభ్యులెవరైనను వచ్చి చూడవచ్చును.

ఇట్లు,
సంఘ కార్యదర్శి, బరంపురం