రెక్కల దాకా చక్రాలే!

గంటకు 800 కిలోమీటర్లు ఎగిరే విమానాన్ని అందుకోవాలన్నా ముందు ట్రాఫిక్‌లో నత్తలా నడిచే బస్సెక్కక తప్పదు. విమానాశ్రయాలు ఊళ్లలో ఇమడక పొలిమేరలు దాటి పోయాయి. వాటి వెంట బస్సులూ పరుగు తీశాయి. ఆ పరుగులో పుట్టిన రికార్డులు అన్నీ ఇన్నీ కావు!

మన ఇంటి నుంచే మొదలు. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలింది. విస్తీర్ణం దాదాపు 5,500 ఎకరాలు, రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అక్కడికి చేరడానికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. పొడవున ఏకంగా గాల్లోనే రోడ్డేశారు. అదే 2009లో తెరిచిన పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే, అప్పటికి దేశంలోకెల్లా పొడవైన ఫ్లైఓవర్. ఈ ఎయిర్‌పోర్టుకు నడిచే ఆర్టీసీ బస్సు పేరు పుష్పక్. 2019లో ఈ రూట్‌లోకి 40 ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు దిగాయి. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండటం పుష్పక విమానం మహిమ. న్యాయంగా ఆ పేరు సిటీ ఆర్డినరీకి దక్కాలి!

ఎత్తుకు ఎగబాకే ఎయిర్‌పోర్టు బస్సుల్లో మన రేణిగుంట–తిరుమల సర్వీసుది ప్రత్యేక స్థానం. 2022 సెప్టెంబరులో ఏపీఎస్‌ఆర్టీసీ తిరుపతికి కేటాయించిన 100 ఎలక్ట్రిక్ బస్సుల్లో 50 తిరుమల ఘాట్‌కు, 14 రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుపతి మీదుగా కొండపైకి. నెల్లూరు, కడప, మదనపల్లెలకు తలా 12. రన్‌వే ఉన్నది సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తులో, కొండ 850 మీటర్లకు పైనే. అంటే విమానం దిగిన భక్తుణ్ణి ఈ బస్సు 30 తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎత్తుకు ఎక్కిస్తుంది! దిగేటప్పుడు ఇంకో వింత. డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారు జనరేటర్‌గా మారిపోతుంది, చక్రాల వేగం కరెంటుగా మారి బ్యాటరీలోకి చేరుతుంది. 1944 నాటి పాత ఘాట్‌రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు చేసిన ఖర్చులో కొంత ప్రతి మలుపు దగ్గరా తిరిగి వసూలవుతుంటుంది.

సముద్రం మీద బస్సు ప్రయాణంలో కిరీటం హాంకాంగ్–జుహాయ్–మకావు వంతెనది. 2018 అక్టోబరులో తెరిచిన దీని మొత్తం పొడవు 55 కి.మీ. రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఉన్న రోడ్డు–రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అలాంటివి 13 వరసగా పేర్చుకోండి! మధ్యలో 6.7 కి.మీ. సముద్రం అడుగున సొరంగం. ఓడలకు దారి ఇవ్వడానికి రోడ్డే నీళ్లలోకి మునిగి, మళ్లీ ఒక కృత్రిమ ద్వీపం మీద తేలుతుంది. మూడు నగరాలకూ కలిపి ఇదొక్కటే తాడు. హాంకాంగ్ వైపు కొస సరిగ్గా విమానాశ్రయం పక్కనే. బంగారు రంగు షటిల్ బస్సులు రాత్రీ పగలూ 24 గంటలూ తిరుగుతాయి. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 40 నిమిషాలు. హాంకాంగ్‌లో బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, వంతెన మీద మాత్రం చైనా పద్ధతిలో కుడివైపు. అన్నిటికన్నా వింత డ్రైవర్ ఎదుట కెమెరా. 20 సెకన్లలో మూడుసార్లకు మించి ఆవలిస్తే అలారం మోగే ఏర్పాటు ఉందని వంతెన తెరిచే రోజుల్లో పత్రికలు రాశాయి. మన తెల్లవారుజాము సర్వీసుల్లో ఆ కెమెరా పెడితే అలారం ఆగదేమో!

విస్తీర్ణంలో విమానాశ్రయాల మహారాజు సౌదీలోని దమ్మామ్. మన గల్ఫ్ కార్మికులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కింగ్ ఫహద్ ఎయిర్‌పోర్టు స్థలం 776 చదరపు కిలోమీటర్లు. ఎన్నో ఏళ్లపాటు జీహెచ్‌ఎంసీ మొత్తం పరిధి 650 చదరపు కిలోమీటర్లే. చార్మినార్, గోల్కొండ, హైటెక్‌సిటీ అన్నీ పట్టగా ఇంకా జాగా మిగిలే ఎయిర్‌పోర్టు!

ప్రయాణికుల విమాన సర్వీసులు దిగే రన్‌వేల్లో అతి పొట్టిది కరీబియన్‌లోని సాబా ద్వీపానిది. కేవలం 400 మీటర్లు. శంషాబాద్ రన్‌వేలో పదోవంతు కూడా కాదు.

పేరుకీ ఊరికీ పొంతన లేని ఛాంపియన్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్–హాన్. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉందని చవక టికెట్ కొని దిగినవాడికి నగరం ఇంకా 120 కి.మీ. దూరం. అంటే విజయవాడ–ఏలూరు దూరానికి రెట్టింపు! బస్సులో గంటా ముప్పావు. కొన్ని విమాన ప్రయాణాలే అంతకన్నా ముందు ముగుస్తాయి.

దానికి పూర్తిగా తలకిందులు జిబ్రాల్టర్. అక్కడ ఎయిర్‌పోర్టుకు రోడ్డు వెళ్లడం కాదు, రన్‌వేకి అడ్డంగానే రోడ్డు! విమానం వస్తోందంటే రైల్వేగేటు పడ్డట్టు గేట్లు పడేవి. సరిహద్దు నుంచి ఊళ్లోకి వెళ్లే సిటీ బస్సు 1,777 మీటర్ల రన్‌వే పక్కన ఆగి, విమానం దిగాక దాన్ని దాటుకుని పోయేది. 2023 మార్చిలో కింద సొరంగం తెరిచాక బస్సుల ముచ్చట తీరింది. నడిచేవాళ్లు మాత్రం ఇంకా పైనుంచే దాటుతున్నారు.

దూరంలో మొనగాడెవరు? గిన్నిస్ ఎక్కిన పెరూ కంపెనీ ఓర్మెన్యో. వెనెజులా రాజధాని కరాకస్ నుంచి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్ వరకు 9,660 కి.మీ., 214 గంటలు! అంటే దాదాపు తొమ్మిది రోజులు. లిమాలో 24 గంటలు, శాంటియాగోలో 12 గంటలు విరామం. శంషాబాద్ పక్కనుంచే పోయే మన 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోకెల్లా పొడవైనది, 4,112 కి.మీ. దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు చుట్టినా ఆ బస్సు ఇంకా గమ్యం చేరదు. అదే కంపెనీ లిమా–రియో రూటు 6,200 కి.మీ., 102 గంటలు. దాని ముందు ఇది తమ్ముడే!

ఆ రికార్డునూ తలదన్నిన సాహసం 1957 నాటిది. ఇరవై మందితో లండన్‌లో ఏప్రిల్ 15న బయల్దేరిన ‘ఇండియామాన్’ బస్సు జూన్ 5న కలకత్తా చేరింది. 51 రోజులు. వెళ్లడానికి 85 పౌండ్లు, తిరుగు టికెట్ 65 పౌండ్లే. రావడం ఎందుకు చవకో లెక్క తేలని సంగతి. బహుశా అప్పటికి ప్రయాణికుడి ఓపిక కూడా సగానికి పడిపోయి ఉంటుందనేమో!

ఆకారంలో భీముడు అప్పటి జైర్ దేశంలో తిరిగిన డాఫ్ సూపర్ సిటీట్రెయిన్. పొడవు 32.2 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సులు దాదాపు మూడు. కూర్చునేవాళ్లు 170, నిలబడేవాళ్లు 180, మొత్తం 350 మంది. ఒక చిన్న కల్యాణ మండపం కదిలి వెళ్తున్నట్టే.

వెడల్పులో గెలుపు మాత్రం మనం రోజూ చూడని బస్సుది. టెర్మినల్ నుంచి విమానం మెట్ల దాకా మోసే కోబస్ 3000 వెడల్పు మూడు మీటర్లు. మన దేశంలో రోడ్డెక్కే బస్సు 2.6 మీటర్లు మించకూడదు. అందుకే వందమందికి పైగా పట్టే ఈ బండి ఎయిర్‌పోర్టు గేటు దాటి బయటి లోకం చూడదు.

వేగంలో విజేత సూపర్‌బస్. నెదర్లాండ్స్ నుంచి అంతరిక్షానికి వెళ్లిన తొలి పౌరుడు వుబ్బో ఓకెల్స్ ఆలోచన ఇది. 15 మీటర్ల పొడవు, 23 సీట్లు, 16 తలుపులు, గంటకు 250 కి.మీ.! దుబాయ్–అబుదాబీల మధ్య తిప్పాలనే లక్ష్యంతో 2011లో దుబాయ్‌లో చూపించారు. రోజువారీ సర్వీసుగా మాత్రం పట్టాలెక్కలేదు. సీటుకో తలుపులా పెడితే కండక్టర్ ఎక్కడ నిలబడాలి మరి!

వయసులో పెద్దన్న ఏదంటే పారిస్ పేరు చెప్పాలి. గణిత మేధావి బ్లేజ్ పాస్కల్ ఆలోచనతో 1662 మార్చి 18న టికెట్ పెట్టి జనాన్ని ఎక్కించుకునే గుర్రపు బండ్లు మొదలయ్యాయి. టికెట్ ఐదు సోల్ నాణేలు, ప్రతి బండిలో ఎనిమిది సీట్లు, సైనికులకూ సేవకులకూ ప్రవేశం లేదు. ఐదు నెలలకే పాస్కల్ కన్నుమూశాడు. యాదృచ్ఛికమే అనుకోండి, తొలి మోటారు బస్సు కూడా మార్చి 18నే కదిలింది, 1895లో. జర్మనీలో జీగెన్ నుంచి డాయిట్జ్ దాకా బెంజ్ తయారీ బండి, ఇంజిన్ శక్తి ఐదు గుర్రాలు, 15 కి.మీ.కు గంటా ఇరవై నిమిషాలు. ఎత్తు వస్తే ప్రయాణికులే దిగి నెట్టేవారట. టికెట్ కొని మరీ బండి నెట్టిన ఘనులు వాళ్లే కావాలి!

బస్సుల సైన్యంలో మనదే పైచేయి. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. దాని వారసురాలు ఏపీఎస్‌ఆర్టీసీ 1999లో ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సుల దండుగా గిన్నిస్‌కెక్కింది. బస్సులు 18 వేలకు పైనే! బస్సు నంబరు ప్లేట్ల మీది ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకమని నేటికీ చెప్పుకుంటారు. కరెంటు బస్సుల దండులో మాత్రం చైనాలోని షెన్‌జెన్ ముందుంది. 2017 చివరికే నగరంలోని 16,359 సిటీ బస్సులూ బ్యాటరీవే.

బస్‌స్టాండుల్లోనూ పోటీయే. మూసీ మధ్యలో లంక మీద కూర్చున్న మన ఎంజీబీఎస్ 20 ఎకరాలు. చెన్నై శివార్లలో 2023 డిసెంబరులో తెరిచిన కిలాంబాక్కం 88 ఎకరాలు.

ఎత్తులో పేరుమోసింది ఢిల్లీ–లేహ్ హిమాచల్ ఆర్టీసీ బస్సు. వేసవిలోనే నడుస్తుంది. దారిలో తంగ్లాంగ్ లా కనుమ 5,328 మీటర్లు. ఏపీలో అతి ఎత్తయిన జిందగడ శిఖరం 1,690 మీటర్లు. మూడు జిందగడలు పేర్చినా ఇంకా 250 మీటర్లు తక్కువ! బస్సుకు 30 గంటలు దాటుతుంది, విమానానికి గంటంపావు. అయినా లేహ్‌లో రన్‌వేనే 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగినవాడు ఊపిరి కుదుటపడేదాకా గదిలో పడుకుంటాడు. బస్సు దిగినవాడు ఆ ఆయాసమంతా దారిలోనే పడి వస్తాడు.

ఇక చివరిది స్కాట్లండ్‌లోని వెస్ట్రే–పాపా వెస్ట్రే ద్వీపాల మధ్య ఎగిరే లోగన్ ఎయిర్ విమానం. దూరం 2.7 కి.మీ., టైమ్‌టేబుల్ ప్రకారం రెండు నిమిషాలు, గాలి అనుకూలించిన రోజు 53 సెకన్లు. ప్రపంచంలోనే అతి చిన్న షెడ్యూల్డ్ విమాన సర్వీసు. 53 సెకన్లంటే మన బస్సులో కండక్టర్ చిల్లర వెతికేంత సేపు!