జర్మనీ కొలువులో తొలి ఆరు మాసములు

ఇంజనీరు ఉద్యోగమునకై హైదరాబాదునుండి మ్యూనిక్కునకో, స్టుట్‌గార్టునకో పోయిన తెలుగు యువకునకు అచ్చటి చలియు భాషయు తొలుత దుర్భరములుగా తోచుట సహజమే. కాని ఆ రెంటికన్నను ఆలస్యముగా బోధపడునది కార్యాలయపు ఆచారము. ఆ దేశమున కొత్త ఉద్యోగమునకు సాధారణముగా ఆరు మాసములవరకు పరీక్షాకాలముండును. అప్పుడు ఉభయపక్షములలో ఎవరైనను రెండు వారముల నోటీసుతో విడిపోవచ్చును. ఈ భయముచేతనే కాబోలు, అడిగిన ప్రతి పనికిని తల యూపుటయు, రాత్రి ప్రొద్దుపోవువరకు కుర్చీ వదలకుండుటయు మనవానికి రక్షాకవచములుగా కనిపించును. ఇచ్చట సుగుణములుగా ఎన్నబడు ఈ రెండును అచ్చట వానికి మేలు చేయవు.

సోమవారము ఉదయమున తొమ్మిదింటికి సమావేశమనగా, ఐదు నిమిషములు ముందుగనే అందరును కాగితములతో సిద్ధముగా నుందురు. “శుక్రవారమునకు పూర్తి యగునా?” అని మేనేజరు అడుగును. “ప్రయత్నింతునండీ” అని మనవాడు వినయముగా పలుకును. మన ఆఫీసులలో ఆ మాటలోని సందేహమును పెద్దలు స్వరమునుబట్టియే గ్రహింతురు. అచ్చటనో, అది ఒప్పుకోలుగా నమోదై, దానిని నమ్ముకొని మరి ముగ్గురు తమ పనులను అమర్చుకొందురు. గురువారము సాయంకాలమున “కాలేదండీ” అన్నచో, పని నిలిచినందుకన్న, చిక్కు తెలిసిన మంగళవారముననే చెప్పనందుకు వారికి ఎక్కువ కష్టము తోచును.

ఇక పనిగంటల మాట. 1994 నాటి పనివేళల చట్టము ప్రకారము రోజునకు ఎనిమిది గంటలు పరిమితి; పది గంటలవరకు పొడిగింపవచ్చును గాని, ఆరు మాసములలో సగటు మరల ఎనిమిదికే రావలెను. ఒకనాటి పనికిని మరునాటి పనికిని నడుమ పదునొకండు గంటల విశ్రాంతి విధి. కావున అర్ధరాత్రి పంపిన ఈమెయిలు శ్రద్ధకు నిదర్శనము గాక, పని పంపకములో ఏదో లోపమున్నదను శంకకు తావిచ్చును. ఐదుగురు ఉద్యోగులున్న చోటనైనను ఎన్నుకొనదగిన ఉద్యోగుల మండలి యొకటి చట్టసమ్మతమై యున్నది. మండలి ఉన్న సంస్థలో దాని సమ్మతి లేక అదనపు గంటలు విధించుట యజమానికి సాధ్యము కాదు.

లోపమును ఎత్తిచూపుటయందును వారి రీతి వేరు. “ఈ లెక్క తప్పు” అని పదిమందిలో సూటిగా అందురు. మనవాడు పరాభవము పొందినట్లు ముఖము ముడుచుకొనును. ఆ అన్నవాడే మధ్యాహ్నము నడవలో ఎదురై “మాల్‌త్సైట్” అని పలుకరించి భోజనమునకు పిలుచును; అతడు విమర్శించినది లెక్కనే గాని మనిషిని గాదు. వేడుకలయందును వారి ఆచారము వేరే: పుట్టినరోజునాడు కేకు తెచ్చి అందరికిని పంచవలసిన భారము పుట్టినవానిదే. మిత్రులు ముందురోజుననే శుభాకాంక్షలు తెలుపుట మాత్రము అశుభమని వారి నమ్మకము.

ఇంతమాత్రమున మన అలవాట్లన్నియు త్యజింపవలసిన పని లేదు. ఆపదలో అడుగకయే చేయి కలుపు గుణమునకు ఎచ్చటనైనను గౌరవమున్నది. అయితే మాట ఇచ్చుటకు ముందు “రేపు చెప్పెదను” అని గడువు కోరుటయు, “ఇది నాకు తెలియదు” అని సంకోచింపక అడుగుటయు, పని ముగియగానే లేచి ఇంటికి పోవుటయు అభ్యసింపవలెను. ఆ ఆరు మాసములు సంస్థ అతనిని పరీక్షించు కాలము మాత్రమే గాదు, ఆ సంస్థ తనకు తగునో లేదో అతడు పరీక్షించుకొను కాలము కూడను; రెండు వారముల నోటీసు హక్కు ఇరువురకును సమానమే గదా!