వీరుని యింటికి శిలయు మాన్యమును

సెలవుపై గ్రామమునకు వచ్చిన సిపాయికి పూలదండ వేయుట, శాలువ కప్పుట, అద్దపుపెట్టెలోని జ్ఞాపిక నొకదానిని చేతికిచ్చి ఛాయాచిత్రము తీయించుట మన పట్టణములందును పల్లెలందును ఆచారమైనది. దండ మఱునాటికి వాడును. జ్ఞాపిక బీరువాపై చేరి దుమ్ముగొనును. దానికి బదులుగా, ఇంటి ముంగిట ఎండకు వానకు ఓర్చి నిలుచునట్లు చేతితో చెక్కిన శిలారూపము నొకదానిని సైనికుని కుటుంబమునకు కానుకగా నిచ్చుట మేలుగదా యను నాలోచన కొందఱికి కలుగుచున్నది. ఆలోచన మంచిదే. కాని కర్నూలు కడప సీమలవారికి ఇది క్రొత్తది కాదు, మఱచినది.

మన పొలిమేరలందును, చెఱువుకట్టలమీదను, ఆలయముల చెంతను వీరగల్లులు నిలిచియున్నవి. ఆ శిలను తఱచుగా మూడంతస్తులుగా చెక్కుదురు. అడుగున కత్తియు డాలును పట్టి పోరాడు వీరుడు. నడుమ అతనిని స్వర్గమునకు గొనిపోవు అప్సరసలు. పైన శివలింగము ముందర చేతులు జోడించి కూర్చున్న ఆ వీరుడే. రాజుల యుద్ధములందు పడినవారికే గాక, ఊరి పసులమందను దొంగలనుండి విడిపింప ప్రాణమిచ్చినవారికిని, పులితో పోరి చచ్చినవారికిని ఇట్టి శిలలు కలవు. తొమ్మిదవ శతాబ్దమున రేనాటి నేలిన వైదుంబుల కాలపు వీరగల్లులు సోరెమడి యుద్ధమున పడిన భటులను నేటికిని మనకు జ్ఞప్తి చేయుచున్నవి. రాజులు తమ బిరుదములను తామే వ్రాయించుకొనిరి. భటుని పేరు నిలిపినది మాత్రము ఈ ఱాయియే.

అయితే ఆ శిలను ఒంటిగా నిచ్చి పెద్దలు చేతులు దులుపుకొనలేదు. పడినవాని ఆలుబిడ్డలకు భూమి నిచ్చి, ఆ దానమును శిలపై చెక్కించుటయు కలదు. కన్నడిగులు అట్టి భూమిని నెత్తురుకొడగె యనిరి. తమిళులు ఉదిరప్పట్టి యనిరి. రెండింటి భావమును నెత్తుటికి ప్రతిగా నిచ్చిన మాన్యమనియే. శిల గౌరవము, భూమి గ్రాసము. గ్రాసము లేని గౌరవము ఆకలిగొన్నవానికి పెట్టిన నమస్కారము వంటిది.

ఈ మాట తప్పినచో నేమగునో కోయిలకుంట్ల సీమవారికి మేము చెప్పనక్కఱలేదు. పాలెగాండ్రకడ కొలువుచేసి, దానికి ప్రతిగా ఈనాము భూముల ననుభవించిన కట్టుబడివాండ్ర నేలలను కుంఫిణీ ప్రభుత్వము లాగికొనబూనగా, వారు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడచిరి. 1847 ఫిబ్రవరి 22న ఆతనిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఉరికొయ్యతో తిరుగుబాటు అణగెనేమో గాని, మాన్యము మాట తప్పిన ప్రభుత్వముపై భటునికి విశ్వాసము పుట్టలేదు.

నేటి సంగతికి వత్తము. 2025 మే మాసమున సరిహద్దున ప్రాణమిచ్చిన అగ్నివీరుడు మురళీనాయక్ మన పొరుగుననున్న శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమువాడు. రాష్ట్ర ప్రభుత్వము ఆ కుటుంబమునకు 50 లక్షల రూపాయలును, 5 ఎకరముల భూమియు, 300 గజముల యింటిస్థలమును, ఒకరికి ఉద్యోగమును ప్రకటించెను. ఇది పాత నెత్తుటిమాన్యమునకు వారసత్వమే. ఐతే పడినవారి సంగతి యిది, తిరిగివచ్చువారి మాటయేమి? 2022లో ఏర్పడిన పద్ధతి చొప్పున అగ్నివీరునికి నాలుగేండ్లే కొలువు. నూటికి 25 గురివఱకే సైన్యమున స్థిరపఱచుట నాటి నియమము. తక్కినవారు పింఛను లేక ఇలు చేరవలసినవారు. వర్షాధారపు మెట్టచేను తప్ప వేఱాధారము లేని యింటికి అట్టి యువకుడు తిరిగివచ్చినప్పుడు, అతనికి పూలదండకంటె పని ముఖ్యము.

ఇక శిల విషయము. దానికై దూరము పోనక్కఱలేదు. నేటి నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో దేవతామూర్తులను చెక్కుటయందు పేరుగన్న శిల్పులు కలరు. 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండిన గిద్దలూరు సీమ సిపాయిలకు పేరువడినది. ఉలి పట్టిన యూరికిని, తుపాకి పట్టిన పల్లెలకును నడుమ నల్లమలయే అడ్డము. ఈ రెండింటిని కలుపుట మన చేతిలోని పని.

కాని యిచట ఒక వివేకము వలయును. బ్రదికియున్నవాని యింట వీరగల్లు నెత్తుట అమంగళమని తల్లులు జంకుదురు. ఆ జంకు న్యాయమైనదే. అట్టి యింటికి తులసికోట చెంత నుంచదగిన దీపస్తంభమునో, కావలి సింహమునో చెక్కించి, పీఠముపై సైనికుని పేరును, పటాలమును, కొలువున చేరిన సంవత్సరమును వ్రాయించిన చాలును. వీరశిల పడినవాని యింటికే తగును. అదియు ఆ తల్లిదండ్రుల నడిగిన పిమ్మటనే. అచ్చున పోసిన సిమెంటుబొమ్మలు వేయి యొకతీరున నుండును. ఉలితో చెక్కినది ఒక్కని కొఱకే పుట్టును. కావున శిల్పి కూలి దగ్గఱ బేరమాడకుడు.

భూస్వాములైన మా పాఠకులకు తుదిగా నొక విన్నపము. మీ పొలముగట్టున, మీ బావిచెంత బట్టలుదుకు బండగానో, కాలువపై దాటుబల్లగానో ఒక వీరగల్లు పడియున్నదేమో చూడుడు. ఉన్నచో దానిని కడిగి, రంగు పూయక, నిలువబెట్టుడు. అక్షరములు కనిపించినచో మైసూరునందలి భారత పురావస్తుశాఖ శాసనవిభాగమువారికి తెలుపుడు. ఒకప్పుడు ఎవని నెత్తుటికో మాన్యముగ నిచ్చిన నేల నేడు మీ చేనిలో కలసియుండునేమో! ఆ బాకీని పాతవీరునికి తీర్చలేము. మీ యూరి సిపాయి తిరిగివచ్చిన దినమున, మీ చేతనైన పనియో, కౌలుకు నాలుగెకరములో చూపి తీర్చవచ్చును. అటుపిమ్మట అతని ముంగిట నిలిపిన శిలకు అర్థముండును.