తుపాను వార్తలో మాటే ప్రాణాధారం

బంగాళాఖాతంలో అలజడి మొదలైతే చాలు.. పత్రికల్లో పదాలు పరవళ్లు తొక్కుతాయి. ‘కడలి కన్నెర్ర’, ‘వరుణుడి ప్రతాపం’ వంటి శీర్షికలు చదువరిని ఆకట్టుకుంటాయి. అయితే వేటకు బయలుదేరే మత్స్యకారుడికి, కోసిన వరి పనలు పొలంలోనే ఉన్న రైతుకు కావలసింది వేరు. గాలి ఎంత వేగంతో, ఎప్పుడు, ఎక్కడ వీస్తుంది? తాము ఏం చేయాలి? వార్త మొదటి వాక్యాల్లోనే ఈ ప్రశ్నలకు జవాబు ఉండాలి.

పదానికో కొలత

వాతావరణ వార్తల్లోని పదాలు పర్యాయపదాలు కావు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62కు చేరితే తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. శీర్షిక పదునెక్కాలని వాయుగుండాన్ని తుపానుగా రాస్తే, నిజంగా తుపాను వచ్చిన రోజున హెచ్చరికను నమ్మేవారు ఉండరు.

వానకూ కొలతలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. ‘కుండపోత’కు ఇటువంటి కొలత లేదు.

‘దాటింది’ అంటే..

‘తుపాను తీరం దాటింది’ అన్న వాక్యం ఎక్కువగా తికమక పెడుతుంది. గండం దాటిందంటే గట్టెక్కినట్లేనని జనవాడుక. వాతావరణ పరిభాషలో మాత్రం తుపాను కేంద్రం సముద్రం నుంచి భూమిపైకి వచ్చిందని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్ని కకావికలం చేసింది తీరం దాటే ఘడియల్లోనే. తుపాను కన్ను ఊరి మీదుగా సాగితే గాలి కాసేపు నిలిచిపోతుంది. ముప్పు తొలగిందని బయటకు వస్తే, ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ‘అధికారులు ప్రకటించే వరకు ఇళ్లు, పునరావాస కేంద్రాలు వీడరాదు’ అని ఒక్క వాక్యం జోడిస్తే సందేహానికి తావుండదు.

సృజనకూ చోటుంది

ఇక్కడ సృజన అంటే జనం నాలుకపై ఉన్న సరైన మాటను ఎంచుకోవడమే. ‘తుపాను ఉద్ధృత తరంగాలు’ అనే కంటే ‘ఉప్పెన’ అంటే తీరవాసులకు ఇట్టే బోధపడుతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ విషాదం ఆ మాటకున్న తీవ్రతను తరతరాలకు తెలిపింది. నీరు మీటరు ఎత్తున రావచ్చని రాసి, ‘అంటే నడుము లోతు’ అని చేర్చడమూ సృజనే.

విపత్తు గడిచాక బాధితుల వెతలను హృదయానికి హత్తుకునేలా రాయవచ్చు. హెచ్చరికలో మాత్రం అంకె, సమయం, ఊరి పేరు ముందుండాలి. వార్త చదివిన జాలరి పడవను ఒడ్డుకు లాగితే అది సఫలమైనట్లే.