ఆదివారం క్రైస్తవులకు విశ్రాంతి దినమేనా?

తెలుగు బైబిలులో "విశ్రాంతిదినము" అనే మాటకు సాధారణంగా శనివారమని అర్థం. యూదుల లెక్క ప్రకారం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం సూర్యాస్తమయంతో ముగిసే ఏడవ దినం అది. అరబీలో శనివారం నేటికీ "యౌముస్సబ్త్". ఆదివారం "యౌముల్ అహద్", అనగా మొదటి దినం. కాని తెలుగు క్రైస్తవులు విశ్రాంతి దినం అన్నప్పుడు చాలామంది మనస్సులో ఉండేది ఆదివారమే. గ్రంథంలోని పదం ఒక దినాన్ని చెబుతుంటే, వాడుకలో అదే పదం మరో దినాన్ని చెబుతోంది.

దీనివల్ల ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. క్రైస్తవుడు వారానికి ఒకనాడు పని మానాలన్నది దైవాజ్ఞేనా? అయితే ఆ దినం ఏది? మొదటిదాన్ని తేల్చకుండా రెండవదానిపై వాదించినవారే చరిత్రలో ఎక్కువ. మూడవ విషయం కూడా ఒకటి ఉంది. అసలు ఆజ్ఞలోనే ఉన్నా అది వాదోపవాదాల మధ్య మరుగున పడింది. పని మానే స్వేచ్ఛ లేనివాడి సంగతి ఏమిటన్నదే ఆ విషయం.

దశాజ్ఞలు బైబిలులో రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20వ అధ్యాయం విశ్రాంతి దినానికి కారణంగా సృష్టిని చూపుతుంది: దేవుడు ఆరు దినాలలో సృష్టించి ఏడవ దినాన విశ్రమించాడు గనుక ఆ దినం పవిత్రం. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం చూపే కారణం వేరు: ఇస్రాయేలీయులు ఒకప్పుడు ఐగుప్తులో దాసులు, వారిని దేవుడు విడిపించాడు, దాన్ని వారు మరువరాదు. రెండు చోట్లా పని మానవలసినవారి జాబితాలో ఇంటి యజమాని ఒక్కడే లేడు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, ఆ ఊరిలో నివసించే పరదేశి ఉన్నారు. యజమానికి ఉన్న విశ్రాంతే దాసదాసీలకూ ఉండాలన్న మాటను ద్వితీయోపదేశకాండం ప్రత్యేకంగా చేర్చింది.

మొదటి కారణం దగ్గర ముస్లిం పాఠకుడు ఆగక మానడు. భూమ్యాకాశాలను ఆరు దినాలలో సృష్టించిన అల్లాహ్‌కు ఎలాంటి అలసటా కలగలేదని ఖాఫ్ సూరా 38వ ఆయత్ స్పష్టం చేస్తున్నది. హీబ్రూ ధాతువుకు మౌలికార్థం "ఆపివేయు" అనీ, ఇక్కడ అలసట ప్రసక్తి లేదనీ యూద, క్రైస్తవ పండితులు కూడా వివరిస్తారు. ఇక సబ్త్ ఆచరణ దాని విషయంలో విభేదించినవారి మీదనే విధించబడిందని నహల్ సూరా 124వ ఆయత్ తెలుపుతున్నది. అంటే ఇస్లాం దృష్టిలో అది బనీ ఇస్రాయీల్‌కు ప్రత్యేకించిన శాసనం, సర్వమానవులకు విధి కాదు. క్రైస్తవులలో ఒక పెద్ద వర్గం కూడా, వేరే దారిన, దాదాపు ఈ నిర్ణయానికే రావడం గమనించదగినది.

వారి దారి ఏది? సువార్తల ప్రకారం ఏసు, అంటే ఈసా ప్రవక్త (అలైహిస్సలాం), విశ్రాంతి దినాన్ని రద్దు చేస్తున్నానని ఎక్కడా ప్రకటించలేదు. ఆ దినాన ప్రార్థనా మందిరానికి వెళ్ళేవారు. శిష్యులు ఆకలితో వెన్నులు తుంచి తిన్నప్పుడూ, ఎండిపోయిన చేయి గలవాణ్ణి ఆయన బాగు చేసినప్పుడూ పరిసయ్యులతో వచ్చిన వివాదం ఆ దినం ఉండాలా వద్దా అన్నది కాదు. ఆ దినాన ఏది ధర్మసమ్మతం అన్నదే. దినం మనిషి మేలు కొరకు ఏర్పడిందన్నది ఆయన సమాధానంలోని సారాంశం.

శాసనం సడలింది ఆ తరువాతి తరంలో. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం ప్రకారం, యూదేతరులు విశ్వాసంలో చేరినప్పుడు వారు పాటించవలసినవేమిటో యెరూషలేములోని పెద్దలు నిర్ణయించారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపిన జంతువు, వ్యభిచారం: ఈ నాలుగింటికీ దూరంగా ఉండాలన్నారు. విశ్రాంతి దినం ఊసు అందులో లేదు. (ఆహారానికి సంబంధించిన మూడు నిషేధాలూ ముస్లిములు నేటికీ పాటించేవే. ఆ పట్టికను ప్రమాణంగా చూపే క్రైస్తవులలో అధికులు మాత్రం వాటిని పట్టించుకోరు.) తరువాత పౌలు రోమీయులకు రాసిన లేఖలో ఒకరు ఒక దినాన్ని గొప్పగా ఎంచవచ్చు, మరొకరు అన్ని దినాలనూ సమానంగా ఎంచవచ్చు, ఎవరి మనస్సుకు వారు నిశ్చయించుకోవాలి అన్నాడు. కొలొస్సయులకు రాసినదాంట్లో ఆహారం, పండుగలు, విశ్రాంతి దినం విషయంలో ఎవరూ వారికి తీర్పు తీర్చకూడదన్నాడు. విధి కాదు అనేవారి పక్షాన ఇంతకంటె బలమైన ఆధారం లేదు.

మరి ఆదివారం ఎక్కడిది? ఏసు సమాధి నుండి లేచాడని క్రైస్తవులు విశ్వసించేది వారంలో మొదటి దినాన. ఆ దినాన రొట్టె విరవడానికి కూడుకున్నారని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. ప్రకటన గ్రంథంలో "ప్రభువు దినం" అనే పేరు ఉంది. అయితే ఇవి సమావేశానికి ఆధారాలే గాని పని మానడానికి కావు. బితునియ ప్రాంతపు రోమన్ అధికారి ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడి, స్తుతించి, విడిపోయేవారని చెప్పాడు. తెల్లవారక ముందే అనేది ముఖ్యం. రోమన్ సామ్రాజ్యంలో అప్పటికి వారానికో సెలవు అనే చట్టం లేదు. విశ్వాసులలో బానిసలూ కష్టజీవులూ ఉన్నారు. పొద్దు పొడిస్తే యజమాని పనిలోకి పోవలసినవారు. సుమారు 155లో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ఆదివారపు సమావేశాన్ని వర్ణించాడు: గ్రంథ పఠనం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె పంపకం, అనాథలకు, వితంతువులకు, ఖైదీలకు చందా. పని మానడం గురించి అందులో ఒక్క మాట లేదు.

ఆనాటి ఆదివారం యూదుల సబ్త్ కంటె ముస్లిముల జుమాకే దగ్గరగా ఉంది. జుమా సూరా 9, 10 ఆయత్‌ల ఆదేశం ప్రకారం అజాన్ వినగానే క్రయవిక్రయాలు ఆపాలి. నమాజు ముగిశాక భూమిపై విస్తరించి జీవనోపాధి వెదుక్కోవచ్చు. శుక్రవారం సెలవు అనేది షరీఅత్ విధి కాదు, పరిపాలనా సౌకర్యం. అందుకే పాకిస్తాన్ 1977లో శుక్రవారాన్ని సెలవుగా ప్రకటించి, 1997లో తిరిగి ఆదివారానికి మార్చగలిగింది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ కూడా 2022 నుండి ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం సగం పూట, శని ఆదివారాలు పూర్తిగా సెలవు అన్నది.

ఆదివారానికి విశ్రాంతిని ముడివేసినది చక్రవర్తి శాసనం. 321 మార్చి 7న కాన్‌స్టంటైన్ జారీ చేసిన చట్టం సూర్యుని పూజ్య దినాన న్యాయాధికారులు, పట్టణవాసులు విశ్రమించాలనీ, పనిశాలలు మూసివేయాలనీ ఆదేశించింది. అందులో క్రీస్తు పేరు లేదు. వ్యవసాయదారులకు మినహాయింపు ఇచ్చింది, విత్తనాలకు, ద్రాక్షతోటలకు అదను తప్పిపోతుందని. ఐగుప్తు దాస్యాన్ని గుర్తుచేసి దాసుడిని లెక్కలోకి తెచ్చిన ఆజ్ఞ ఒకటి, పొలంలో చాకిరీ చేసేవాణ్ణి బయట వదిలేసిన చట్టం ఒకటి. పేరు ఒకటే అయినా రెండూ ఒకే వస్తువు కావు. కొన్ని దశాబ్దాల తరువాత లవొదికయలో సమావేశమైన క్రైస్తవ పెద్దలు, శనివారం పని మానడం యూద ఆచారమనీ, ఆ దినాన పని చేయాలనీ, వీలైతే ఆదివారం విశ్రమించాలనీ తీర్మానించారు. "వీలైతే" అన్న సడలింపు ఆ తీర్మానంలోనే ఉంది.

క్రైస్తవ లోకమంతా దీనిని అంగీకరించలేదు. ఇథియోపియాలో 14వ శతాబ్దపు సన్యాసి ఎవోస్తాతెవోస్ శని, ఆదివారాలు రెండూ పవిత్రమేనని బోధించాడు. ఆయన అనుచరులు బహిష్కరణకు గురయ్యారు. చివరకు 1450 ప్రాంతంలో జరా యాకోబ్ చక్రవర్తి ఆధ్వర్యాన జరిగిన సభ రెండు దినాలనూ ఆమోదించింది.

ఐరోపాలో థామస్ అక్వినాస్ ఆజ్ఞను రెండుగా విడదీశాడు. దైవారాధనకు కొంత కాలం కేటాయించడం నైతిక విధి, అది శాశ్వతం. ఏడవ దినమే కావాలన్నది ఆచార విధి, అది గతించింది. మత సంస్కర్తలైన లూథర్, కాల్విన్‌లు మరో అడుగు వేసి, ఏ దినమూ స్వతహాగా పవిత్రం కాదన్నారు. అయినా పనివారికి ఊపిరి తీసుకునే దినం కావాలన్న కారణాన్ని ఇద్దరూ నిలబెట్టారు. వారిని అనుసరించామని చెప్పుకున్న ఇంగ్లండు ప్యూరిటన్లు మాత్రం అటు తిరిగారు. 1595లో నికొలాస్ బౌండ్ గ్రంథం వెలువడింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆటపాటలకు అనుమతినిస్తూ జేమ్స్ రాజు 1618లో ప్రకటన ఇచ్చాడు. దానిని 1633లో చార్లెస్ రాజు మళ్ళీ వెలువరిస్తే, 1643లో పార్లమెంటు తగులబెట్టించింది. సామాన్యుడు ఆదివారం సాయంత్రం ఆడుకోవచ్చునా లేదా అన్నది ఒక దేశంలో రాజకీయ సమస్య అయింది! 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఆజ్ఞ శాశ్వతమనీ, దినం మాత్రం ఏడవది నుండి మొదటిదానికి మారిందనీ, అవసరమైన పనులు, దయాకార్యాలు తప్ప అన్నీ నిషిద్ధమనీ నిర్ణయించింది.

ఆజ్ఞ శాశ్వతమైతే దినాన్ని మార్చిన వచనం ఎక్కడ ఉంది? ఈ ప్రశ్న సహజంగానే పుట్టింది. ఇంగ్లండులో పుట్టిన ఏడవ దిన బాప్టిస్టులు 1671లో అమెరికాలోని న్యూపోర్టులో సంఘం స్థాపించుకున్నారు. 1863లో సెవెన్త్ డే అడ్వెంటిస్టుల సంస్థ ఏర్పడింది. తర్కరీత్యా చూస్తే ప్యూరిటన్ల కంటె వీరి వాదనే నిలకడైనది. ఆజ్ఞను ఉంచి దినాన్ని మార్చడానికి స్పష్టమైన వచనం కొత్త నిబంధనలో లేదు. అయితే పౌలు లేఖలను ప్రమాణంగా తీసుకున్నవారికి ఈ ఇద్దరి వాదనా కాక, మూడవదే, అనగా దినం విధి కాదన్నదే, బలంగా కనిపిస్తుంది.

కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. విధి కాదు అన్నవారి పక్షాన వచనాలు ఉన్నాయి, పనివాడి పక్షాన చెప్పడానికి మాత్రం వారి దగ్గర తక్కువ మిగిలింది. విధి అన్నవారు కనీసం ఫలానా దినాన నా పనివాణ్ణి పిలవను అనగలరు. స్కాట్లండు క్రీడాకారుడు ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ప్రాథమిక పోటీలు ఆదివారం పడ్డాయని పాల్గొనలేదు. 400 మీటర్లలో 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. అది గౌరవించదగిన నిష్ఠ. అయితే ఆయనకు కాదనగలిగే స్థితి ఉంది. ఆజ్ఞలో చెప్పిన దాసికి అది లేదు.

ఆ వర్గానికి వారపు సెలవు దక్కిన చోట అది చాలావరకు మతపెద్దల తీర్మానాల వల్ల కాక, కార్మికుల పోరాటం వల్ల దక్కింది. మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాలు ఆదివారం మూసి ఉన్న కాలంలోనే బొంబాయి బట్టల మిల్లుల కార్మికులకు వారపు సెలవు లేదు. జోతిరావ్ ఫూలే సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో సుమారు 5,500 మంది సంతకాలతో కోర్కెల పత్రం సమర్పించాడు. ఆదివారం సెలవు అందులో ఒకటి. 1890 జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. మహారాష్ట్రలో ఆదివారం ఖండోబా దేవుని దినం కూడా. హిందూ కార్మికులు క్రైస్తవ పాలకుల సెలవును తమ దేవుని దినంగా అడిగి తీసుకున్నారన్నమాట.

తెలుగు నాట ఈ ప్రశ్న నిజంగా బరువెక్కేది ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే క్రైస్తవ కుటుంబంలో. నెల జీతగాడికి ఆదివారం జీతంతో కూడిన సెలవు. నాట్ల కాలంలో, కోతల కాలంలో కూలికి పోయేవారికి ఆదివారం పోయిన కూలి మళ్ళీ రాదు. వారికి పాస్టరు విశ్రాంతి దినాన్ని ఆజ్ఞగా బోధిస్తే, పెద్ద రైతు చేసేదానికంటె పెద్ద త్యాగాన్ని వారి నుండి అడుగుతున్నట్టే. ఈ సందర్భంలో నిర్గమకాండం 16వ అధ్యాయం ఎవరూ తగినంతగా చదవని అధ్యాయం. సీనాయి పర్వతం మీద ఆజ్ఞ ఇవ్వడానికి ముందే, ఎడారిలో మన్నా దిగిన రోజుల్లో ఆ ప్రజలకు విశ్రాంతి పరిచయమైంది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, నిలవ ఉంచితే పురుగు పడుతుంది. ఆరవ దినాన మాత్రం రెట్టింపు దొరికింది, అది మరునాటికీ చెడలేదు. ఏడవ దినాన బయటికి పోవద్దన్న మాట ఆ రెట్టింపు ఆహారం చేతికి అందిన తరువాతే వచ్చింది.

మన దేశపు చట్టాలలో ఈ రెట్టింపుకు కాస్త దగ్గరగా వచ్చినది 1942 నాటి వారపు సెలవుల చట్టం. వారానికి ఒకనాడు సెలవు ఇవ్వాలనీ, ఆ దినానికి జీతం కోత పెట్టరాదనీ అది శాసించింది. ఆ చట్టం దుకాణాలకు, భోజనశాలలకు, థియేటర్లకు ఉద్దేశించినది. పొలంలో పనిచేసే కూలీ దాని పరిధిలో లేడు.