అరవయ్యో వంతులో ఆట!

సెలవులొస్తే చాలు, అన్నదమ్ములిద్దరూ టీవీ ముందు చేరి వీడియోగేముల్లో కొట్టేసుకుంటూ ఉంటారు. చూసేవాళ్లకి అది మీటల మీద టకటకా వేళ్లు బాదడమే. కానీ ఆ దెబ్బల వెనక పెద్ద లెక్కే ఉంది. దాని పేరు ‘ఫ్రేమ్‌ డేటా’.

సినిమా సెకనుకి 24 బొమ్మలతో కదిలితే... స్ట్రీట్‌ ఫైటర్‌, టెకెన్‌ లాంటి పోరాట ఆటలు 60 బొమ్మలతో నడుస్తాయి. ఒక్కో బొమ్మా ఒక ఫ్రేమ్‌. అంటే సెకనులో అరవయ్యో వంతు! తెరమీద వీరుడు విసిరే ప్రతి దెబ్బకీ మూడు దశలుంటాయి. చెయ్యి లేచి తగిలేదాకా స్టార్టప్‌, తగిలే క్షణాలు యాక్టివ్‌, చెయ్యి వెనక్కొచ్చి కుదురుకునేదాకా రికవరీ. ఏ దెబ్బకి ఏ దశలో ఎన్ని ఫ్రేములో చెప్పే పట్టికే ఫ్రేమ్‌ డేటా.

చెడుగుడు సూత్రమే

కృష్ణా తీరంలో ఏ ఊళ్లో చెడుగుడు చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది. కూతకు వెళ్లినవాడు చేత్తో అలా తాకి వచ్చేస్తే సరే. పాయింటు మీద ఆశతో కాలు బారుగా చాపాడా... వెనక్కి లాక్కునేలోపు మడమ దొరికిపోతుంది. ఇక్కడా అంతే. చిన్న గుద్దుకి బలం తక్కువ, కానీ త్వరగా సర్దుకోవచ్చు. పెద్ద తన్ను తగిలితే ప్రత్యర్థి కుదేలే. అదే అతను కాచుకుంటే, తన్నినవాడు 10 ఫ్రేములు ఆలస్యంగా తేరుకున్నాడనుకోండి. 5 ఫ్రేముల్లో తగిలే గుద్దు చాలు, బదులు తీర్చేయడానికి!

చూసింది అర్థమై వేలు కదలడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే సుమారు 15 ఫ్రేములు. మరి ఐదారు ఫ్రేముల్లో వచ్చే గుద్దుని చూసి ఆపడం ఎవరి తరం? ఎదుటివాడి అలవాటు కనిపెట్టి ముందే ఊహించాల్సిందే. 2023లో వచ్చిన స్ట్రీట్‌ ఫైటర్‌ 6లో సాధన చేసేటప్పుడు ఈ ఫ్రేముల్ని రంగుల పట్టీలా తెరమీదే చూసుకోవచ్చు.

నలభై నాలుగేళ్ల విజేత

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్‌ ఫైటర్‌ 5 పతకాల పోటీ అయింది. మన దేశం నుంచి మయాంక్‌ ప్రజాపతి, అయాన్‌ బిశ్వాస్‌ బరిలోకి దిగారు కానీ పతకం అందలేదు. స్వర్ణం గెలిచింది 44 ఏళ్ల కొరియా ఆటగాడు కిమ్‌ గ్వాన్‌వూ! వేళ్ల వేగమే అన్నీ అయితే ఆ వయసులో అది సాధ్యమా?

అదే క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్య కాంపౌండ్‌ విభాగంలో మూడు స్వర్ణాలు తెచ్చింది. వ్యక్తిగత ఫైనల్లో కొరియా క్రీడాకారిణి సో చేవాన్‌ని 149-145తో ఓడించింది. అక్కడ ఒక్కో బాణానికి గడువు 20 సెకన్లే. ఆటలు వేరైనా విద్య ఒక్కటే... ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆగాలో తెలియడం.

కాబట్టి, పిల్లాడు ఓడిపోయి విసుక్కుంటుంటే వెంటనే టీవీ కట్టేయకండి. ‘ఏ దెబ్బకి దొరికిపోయావురా?’ అని అడగండి. ఠక్కున చెప్పాడా, నేర్చుకుంటున్నట్టే. తెల్లమొహం వేశాడా... మీటలు బాదుతున్నట్టే. అప్పుడు నిశ్చింతగా కట్టేయొచ్చు!