లింజ్ కోటలో బీతోవెన్ పియానో

ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున లింజ్ నగరం. అక్కడ కొండమీది కోట ఇప్పుడు మ్యూజియం. పాత ఆయుధాలతో పాటు పాత వాద్యాలూ అక్కడే ఉన్నాయి. వాటిలో 1803లో పారిస్‌లో ఎరార్ సోదరులు తయారుచేసిన గ్రాండ్ పియానో ఒకటి. అది బీతోవెన్ వాయించినది.

ఆయుధాల పక్కన పియానో ఉండటం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. తుపాకీ ట్రిగ్గర్ చేసే పనల్లా లోపల బిగించిన స్ప్రింగును వదిలేయడమే. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా గుండు వేగం మారదు. పియానోకు ముందున్న హార్ప్సికార్డ్‌దీ ఇంచుమించు అదే తీరు. మెట్టు నొక్కితే ఈక మొన తీగను మీటుతుంది, ఎలా నొక్కినా దాదాపు ఒకే మోత. వాయించేవారి మనసులోని హెచ్చుతగ్గులు వేళ్ల దగ్గరే ఆగిపోయేవి.

1700 నాటికి ఫ్లోరెన్స్‌లో, అక్కడి పాలకులైన మెదీచీల కొలువులో ఉన్న బార్తొలొమెయో క్రిస్టోఫోరి ఈక తీసేసి చిన్న సుత్తి పెట్టాడు. సుత్తి తీగకు ఆనుకునే ఉండిపోతే నాదం చచ్చిపోతుంది. అందుకని దాన్ని పైకి తోసే కొయ్యముక్క చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటుంది. చెయ్యి వదిలిన బంతిలా సుత్తి మిగతా దూరం తన వేగంతోనే పోయి, తీగను తాకి వెనక్కి పడుతుంది. వేలి వేగాన్ని బట్టి సుత్తి వేగం, దాన్ని బట్టి నాదం. ఇంత చిన్న కొయ్యముక్కతో ఇంత పని చేయించిన బుర్రకు చేతులెత్తి మొక్కాలి.

తర్వాత దారులు చీలాయి. వియన్నా పియానోల్లో సుత్తి మెట్టు మీదే కూర్చుంటుంది, వేలికి తేలిక. ఇంగ్లండ్ పియానోల్లో మెట్టు బరువు, లోతు ఎక్కువ, నాదమూ గంభీరం. ఫ్రెంచి విప్లవ కాలంలో లండన్ వెళ్లిన, ఎరార్ సోదరుల్లో ఒకడైన సెబాస్టియన్ ఆ రెండో పద్ధతినే పట్టుకున్నాడు.

బీతోవెన్ వేళ్లు వియన్నా పియానోలకు అలవాటుపడ్డవి. పారిస్ నుంచి వచ్చిన కొత్త వాద్యంలో మామూలు 61 మెట్లకు బదులు 68 ఉన్నాయి, నాలుగు పెడల్స్ ఉన్నాయి. కొత్తగా దొరికిన ఆ పైస్వరాలను ఆయన 'అపాసియొనాటా' సొనాటాలో వాడుకున్నాడు. మెట్ల బరువు మాత్రం ఆయనకు పడలేదు. తేలిక చేయమని వియన్నా పనివాళ్లకు అప్పగించాడు. ఒక రకం యంత్రాన్ని విప్పి ఇంకో రకంగా మలచడం అంత సులువా? 1810లో వియన్నా పియానో తయారీదారు స్ట్రైఖర్‌కు రాసిన ఉత్తరంలో అది ఇక దేనికీ పనికిరాదన్నాడు. అయినా తనకు దక్కిన గౌరవానికి గుర్తు కాబట్టి అమ్మడానికి మనసొప్పడం లేదనీ రాశాడు. చివరికి అది తమ్ముడు యోహాన్ చేతికి, అతని ద్వారా లింజ్‌కు చేరింది.

బరువైన నాదమూ చురుకైన వేలూ రెండూ కావాలన్న సమస్యను ఎరారే తీర్చాడు. 1821లో లండన్‌లో పేటెంటు పొందిన అమరికలో, మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ నొక్కి అదే స్వరం పలికించవచ్చు. నేటి గ్రాండ్ పియానోల్లో పనిచేస్తున్నది దానికి మెరుగులు దిద్దిన రూపమే.